ఆపి చూసే సంఘం

2016 జూలై నాలుగో తేదీ, సోమవారం. ఆ రోజు నా డబ్బాలో కాస్త మాడిన దొండకాయ వేపుడు, పెరుగన్నం ఉన్నాయి. మా ఆవిడ పోయాక వంట నేనే చేసుకుంటున్నాను. దొండకాయ ఎప్పుడు దించాలో ఇప్పటికీ పట్టుబడలేదు. డబ్బా మూత తీసేలోగా గెస్ట్ హౌస్ నుంచి కబురొచ్చింది, సంఘం అధ్యక్షులు పరాంకుశం గారు నన్నూ భోజనానికి రమ్మన్నారని. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, ముక్కల పులుసు, చారు, గడ్డపెరుగు. ఉద్యోగంలో ఇలాంటి చిన్న చిన్న దయలు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి. గుర్తు పెట్టుకోవాలి.

"పులుసు ఉండగా మళ్ళీ చారెందుకు?" అని పరాంకుశం గారు వంటమనిషిని అడిగారు.

వంటమనిషి నా వైపు చూశాడు. నేను ఆకు వైపు చూశాను. పరాంకుశం గారు పులుసు పోయించుకుని, చారు రెండుసార్లు పోయించుకుని, "ఇదే మీ విశ్వవిద్యాలయం జబ్బు. ఒకటి చాలిన చోట రెండు," అన్నారు.

ఆయన ఆర్థిక శాఖలో ముప్ఫై ఏళ్ళు కొర్రీలు వేసి రిటైరైన మనిషి. మా కొత్త వి.సి. గారు ఏదో మేనేజ్‌మెంటు సంస్థ నుంచి వచ్చారు. వచ్చిన వారానికే సభ పెట్టి, విశ్వవిద్యాలయానికి ఒంట్లో కొవ్వు పెరిగిందనీ, అది కరిగితే గానీ పరిగెత్తలేదనీ చెప్పారు. కొవ్వు ఎక్కడుందో వెతకడానికి 'మిగులు వనరుల గుర్తింపు సంఘం' వేసి పరాంకుశం గారిని అధ్యక్షుల్ని చేశారు. రిజిస్ట్రారు ఆఫీసులో సూపరింటెండెంటునైన నన్ను సభ్య కార్యదర్శిని చేశారు. అంటే మాట్లాడేది వారు, రాసేది నేను.

భోజనం అయ్యాక సంఘం కంప్యూటర్ సైన్సు విభాగానికి కదిలింది. అక్కడ డాక్టర్ హైమావతి గారి ల్యాబు.

హైమావతి గారికి అప్పటికి యాభై ఆరు దాటాయి. పదకొండేళ్ళుగా అసోసియేట్ ప్రొఫెసరు. ప్రొఫెసరు పదోన్నతికి రెండుసార్లు దరఖాస్తు చేశారు. మొదటిసారి ఆమె వ్యాసాల్లో తోటి రచయితలు ఎక్కువమంది ఉన్నారని ఫైలు వెనక్కి వచ్చింది. దూరదూరాన ఉన్న కంప్యూటర్లు కలిసి పనిచేయడం ఎలాగన్నది ఆమె పరిశోధన. అందుకని దూరదూరాన ఉన్న మనుషులతో కలిసి రాశారు. రెండోసారి ఎంపిక సంఘానికి కోరం సరిపోలేదు. కోరం ఎంత ఉంటే నిర్ణయం చెల్లుతుందో లెక్క కట్టడం మీద ఆమె రాసిన వ్యాసాలు మూడు దేశాల్లో పాఠాలుగా చెబుతున్నారట. ఆ మాట ఎంపిక సంఘం దృష్టికి తెద్దామంటే వినడానికి సంఘం లేదు. ఇది మూడోసారి, ఆఖరిసారి కూడా. రిటైర్మెంటుకి మూడేళ్ళ సర్వీసు మిగిలి ఉంటేనే పదోన్నతి ఇవ్వాలని రూలు.

ల్యాబులో టేబులు మీద ఒక కంప్యూటరు గుయ్యిమంటోంది. పక్కన ఆమె శిష్యుడు డాక్టర్ సన్యాసినాయుడు నిలబడి ఉన్నాడు. అదే విభాగంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతాడు.

"దీన్నేనా జాబితాలో ఐదు యంత్రాలు అని రాశారు? నాకు ఒకటే కనిపిస్తోంది," అన్నారు పరాంకుశం గారు.

"మిగతా నాలుగూ మన నాలుగు పి.జి. సెంటర్లలో ఉన్నాయండి," అన్నారు హైమావతి గారు. "తుఫానుకి పరీక్షల విభాగం పైకప్పు లేచిపోయింది కదండీ. మార్కుల రిజిస్టర్లన్నీ తడిసి, హాస్టల్ దండేల మీద చీరల్లా ఆరేసుకున్నాం. మళ్ళీ ఆ గతి పట్టకూడదని మార్కులన్నీ ఐదు చోట్ల పెట్టాం. ఏ మార్కు చెప్పాలన్నా, మార్చాలన్నా సగానికి మించి, అంటే ఐదింట్లో మూడు, ఒప్పుకోవాలి."

"ఒప్పుకోకపోతే?"

"ఆగిపోతుందండి. తప్పు చెప్పేకంటే ఊరుకోవడం మేలు కదండీ."

"ఇందులో ఒకటి చెడిపోతే?"

హైమావతి గారి మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో విశ్వవిద్యాలయం తరఫున ఎవరైనా ఆమె పని గురించి సరైన ప్రశ్న అడగడం అదే మొదలు.

"అసలు సంగతి అదేనండి. ఒకటి పోయినా ఏమీ కాదు. చూపించమంటారా?"

టేబులు మీది కంప్యూటరుని ఆమె చేత్తోనే ఆపేశారు. సన్యాసినాయుడు తన ల్యాప్‌టాప్‌లో ఏదో పాత హాల్ టికెట్ నంబరు కొట్టాడు. మార్కులు వచ్చాయి. పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆ ఆసక్తి చూసి ఆమెకి ఇంకా ఉత్సాహం వచ్చింది. "రెండోది కూడా ఆపనా?" అని తానే అడిగి, ఒక సెంటరుకి ఫోన్ చేయించారు. రెండోదీ ఆగింది. మార్కులు మళ్ళీ వచ్చాయి.

"శభాష్," అన్నారు పరాంకుశం గారు. చప్పట్లు కూడా కొట్టారు. "అయితే ఆ రెండూ ఎందుకమ్మా?"

"మిగతావి చెడిపోతే పనికొస్తాయండి."

"చెడిపోయాయా?"

"ఇంకా లేదండి."

"చెడిపోని వాటి కోసం, చెడిపోతే పనికొచ్చేవి పెట్టుకున్నారు. రాయండి సూపర్నెంటు గారూ. సదరు ఐదు యంత్రాలలో రెండు నిలిపివేయబడినప్పటికీ కార్యకలాపములు యథాతథంగా కొనసాగినట్లు సంఘం ప్రత్యక్షంగా గమనించినందున, సదరు రెండూ మిగులుగా పరిగణించడమైనది."

రాశాను. హైమావతి గారు నోరు తెరిచారు గానీ పరాంకుశం గారు అప్పటికే ఆమెకి నమస్కారం పెట్టి, "మీలాగా సహకరించే విభాగం ఇంకొకటి చూళ్ళేదమ్మా," అని మెట్లు దిగుతున్నారు.

ఆగస్టులో సంఘం మళ్ళీ వచ్చింది. ఈసారి మూడింట్లో ఒకటి ఆపించారు. మూడింట్లో రెండు ఒప్పుకుంటే చాలు గనక మార్కులు వచ్చాయి. అదీ మిగులే. సెప్టెంబరులో రెండింట్లో ఒకటి ఆపించారు. తెర మీద ఏమీ రాలేదు. సన్యాసినాయుడు మళ్ళీ కొట్టాడు. ఏమీ రాలేదు.

"అమ్మయ్య," అన్నారు పరాంకుశం గారు. "ఇప్పటికి దొరికాయి, నిజంగా అవసరమైనవి."

ఆ రెండింటికీ 'సంపూర్ణ ఆవశ్యకత' ధ్రువపత్రం ఇచ్చారు. ఒకటి ఈ ల్యాబులోనూ రెండోది కొండదిగువ సెంటరులోనూ అంటించారు. మర్నాడు హైమావతి గారు నా సీటు దగ్గరికి వచ్చారు.

"సూపర్నెంటు గారూ, ఒకటే ఉన్నా ఇంతకంటే నయమండి. ఒకటే ఉంటే అది పోయినప్పుడే ఆగుతుంది. రెండుంటే, రెంట్లో ఏది పోయినా ఆగుతుంది."

సంగతి అధ్యక్షుల వారికి విన్నవించాను. ఆయన ఓపికగా విన్నారు.

"ఏది పోయినా ఆగుతుంది కాబట్టే కదయ్యా రెండూ అవసరం అయ్యాయి," అన్నారు. "ఆవిడ మంచి మనిషి. కానీ తన పరిశోధన తనకే పూర్తిగా అర్థం కాలేదు."

వి.సి. గారికి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, దాన్ని విశ్వవిద్యాలయం అంతటికీ వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా కొన్నాళ్ళు ఆపి చూడాలి. పని నడిస్తే ఆ వస్తువు, ఆ మనిషి మిగులు. ఉత్తర్వులో దీనికి పెద్ద పేరుంది. అందరూ 'ఆపి చూడు' అనేవారు.

మంటలార్పే సిలిండర్లను ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా వాడలేదని తేలింది. తీసేశారు. బస్సుల స్టెప్నీ టైర్లు ఎప్పుడు చూసినా ఊరికే వేలాడుతున్నాయని తీసేశారు. లైబ్రరీ వెనక మెట్ల మీద ఎవరూ దిగడం లేదని తలుపు మూసి ఇటుకలు పేర్చారు. ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు నర్సుల్లో ఒకావిడ పురిటికి వెళితే రెండో ఆవిడ ఒక్కతే రాత్రింబవళ్ళు చూసుకుంది. అంత బాగా చూసుకున్నందువల్ల పురిటికి వెళ్ళినావిడ ఉద్యోగం పోయింది.

ఆ రోజుల్లోనే వి.సి. గారు మూడు వారాలు విదేశ పర్యటనకి వెళ్ళారు. ఆ మూడు వారాలూ ఫైళ్ళు చకచకా కదిలాయి. జీతాలు ఒకటో తారీకునే పడ్డాయి. ఈ విషయం సంఘం పరిశీలనకు రాలేదు. రావాలని ఎవరూ ప్రతిపాదించలేదు.

ఇంటికి వెళితే మా వరండాలో రెండు పేము కుర్చీలు ఉంటాయి. మూడేళ్ళుగా ఒకదాంట్లోనే కూర్చుంటున్నాను. రెండోది లేకపోయినా నా పేపరు చదవడం ఆగదు. సంఘం లెక్క ప్రకారం అది ఏమవుతుందో నాకు తెలుసు. దాన్ని తుడిచి, ఉన్నచోటనే ఉంచాను.

మనిషన్నవాడు ఎంతటి ఉత్తర్వుకైనా అలవాటు పడతాడు. తాను లేనప్పుడు పని నడిస్తే ఉద్యోగం పోతుందని తెలిశాక, తాను లేనప్పుడు పని నడవకుండా చూసుకోవడం ప్రతివాడూ నేర్చుకున్నాడు. టైపిస్టు సెలవు పెడితే కీబోర్డు సంచిలో వేసుకుని వెళ్ళేది. లైబ్రేరియన్ బీరువా తాళాలు మొలతాడుకి కట్టుకున్నాడు. అకౌంట్స్‌లో లెక్కలన్నీ ఒక్కడి తలలోనే ఉండేలా సర్దుకున్నారు. ఆ తలకి పడిశం పట్టిన వారం బిల్లులు ఆగాయి. అతనికి ఆవశ్యకత ధ్రువపత్రం వచ్చింది.

హాస్టల్‌కి నీళ్ళు ఎక్కించే పైడయ్య మేనకోడలి పెళ్ళికని సెలవు అడగడానికి వచ్చాడు. చేతిలో ఏదో ఇనప పిడి ఉంది.

"అదేమిటి పైడయ్యా?"

"మోటారు స్టార్టరు పిడి, బాబూ. తీసీసినాను."

"పెళ్ళికి దాన్నెందుకు తీసుకెళ్ళడం?"

"నానెల్లిపోతే సుక్క నీరు రాకూడదు బాబూ. వచ్చిందంటే నాను మిగులైపోనూ? పిల్లలకి మాత్రం సెప్పినాను, బకెట్లు నింపుకోండర్రా అని. అది మాత్రం రాసీకండి."

రాయలేదు. పిల్లలు బకెట్లు నింపుకున్నారు.

దీపావళి నాటికి మా విశ్వవిద్యాలయంలో మిగులన్నది లేకుండా పోయింది. ప్రతి మనిషీ అవసరమే, ప్రతి వస్తువూ అవసరమే. ఎవరికి తలనొప్పి వచ్చినా ఏదో ఒకటి ఆగేది. రాష్ట్రంలోనే మొదటి 'సున్నా మిగులు' విశ్వవిద్యాలయం అని మాకు ప్రశంస వచ్చింది. వి.సి. గారు రాజధానికి వెళ్ళి శాలువా కప్పించుకుని వచ్చారు. రైల్వే స్టేషనుకి కారు వెళ్ళలేదు. డ్రైవరు సెలవులో ఉన్నాడు, తాళం చెవి అతని జేబులో ఉంది. వి.సి. గారు ఆటోలో వచ్చారు. శాలువా వర్షానికి తడిసింది.

నవంబరులో పదోన్నతుల ఎంపిక శుక్రవారానికి ఖరారైంది. హైమావతి గారూ, అదే విభాగంలో డాక్టర్ చక్రపాణి గారూ అభ్యర్థులు. పోస్టు ఒకటే. ఆ శుక్రవారానికి ముందు మంగళవారం పొద్దున మార్కుల వ్యవస్థ ఆగిపోయింది.

కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కొండదిగువ సెంటరులో ఎలక్ట్రీషియను తమ్ముడి నిశ్చితార్థానికి ఒరిస్సా వెళ్ళాడు. వెళ్తూ మెయిన్ ఫ్యూజు జేబులో వేసుకుని వెళ్ళాడు. సెంటరంతా కరెంటు లేదు. రెండో కంప్యూటరు పలకడం లేదు. పలకకపోతే మన ల్యాబులోది ఒంటరిగా సమాధానం చెప్పదు. తన దగ్గరున్న లెక్క తాజాదో కాదో చెప్పడానికి దానికి తోడు కావాలి. ఎలక్ట్రీషియను ఫోన్ ఎత్తి, "శనివారం వస్తాను సార్. ఎంత ఆగిందో రాసి పెట్టండి," అన్నాడట. అతని గొంతులో సంతోషం వినిపించిందని సెంటరు వాళ్ళు చెప్పారు.

మధ్యాహ్నానికి పరీక్షల విభాగం ముందు పిల్లలు గుంపుగా నిలబడ్డారు. ఉద్యోగాలకి, పాస్‌పోర్టులకి, పై చదువులకి మార్కుల పత్రాలు కావాలి. ఒకమ్మాయి మర్నాడు పొద్దున రాయగడలో కాలేజీలో చేరాలి. వాళ్ళ నాన్న గొడుగు పట్టుకుని ఆమె వెనకాలే నిలబడ్డాడు, వాన లేకపోయినా.

పరాంకుశం గారు నన్ను వెంటబెట్టుకుని ల్యాబుకి వెళ్ళారు. తలుపు దగ్గరగా వేయించి, గొంతు తగ్గించారు.

"అమ్మా, ఇది మీకు దేవుడిచ్చిన అవకాశం. శుక్రవారం ఎంపిక. అనివార్యతకి యాభై మార్కులు పెట్టారు. ఎలాగూ శనివారం దాకా ఫ్యూజు రాదు. మీరేమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చోండి. శుక్రవారం ఎంపిక సంఘం కూర్చునేసరికి విశ్వవిద్యాలయం మొత్తం ఆగి ఉంటుంది. మీరు శనివారం నడిపిస్తారని హామీ ఇస్తారు. అంతకంటే అనివార్యులు ఎవరుంటారు?"

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఆమె మొదటి రోజు సహకరించినందుకు కృతజ్ఞత ఆయనకి అలాగే ఉంది.

"మరి పిల్లలండీ?" అన్నారు హైమావతి గారు.

"పిల్లలు ఎప్పుడూ ఉంటారమ్మా. పోస్టు ఉండదు."

హైమావతి గారు కిటికీలోంచి బయటికి చూశారు. గొడుగు పట్టుకున్న తండ్రి అక్కడి నుంచి కనిపిస్తాడు. ఆమె సన్యాసినాయుడి వైపు తిరిగి, "నాయుడూ, ఒంటిగంట బస్సు అందుతుందా?" అన్నారు.

"పరిగెడితే అందుతుంది మేడమ్."

"మరి పరిగెత్తు. అక్కడ గేటు ఎదురుగా టీ కొట్టు ఉంది చూడు, వాడికి కరెంటు వేరే లైను."

"ఏం చెయ్యాలో చెప్పండి మేడమ్, రాసుకుంటాను."

"రాసుకోవడం ఎందుకు? నీకు తెలుసు."

పరాంకుశం గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు, చేజేతులా బాగు చెడగొట్టుకునే చుట్టాన్ని చూసినట్టు.

మూడున్నరకి తెర మీద మార్కులు వచ్చాయి. రెండో కంప్యూటరు కొండదిగువ టీ కొట్టులో, పాల గిన్నెకీ బిస్కెట్ల సీసాలకీ మధ్య, ఫోన్ ఇంటర్నెట్ మీద పనిచేస్తోంది. సన్యాసినాయుడు పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. టీ కొట్టు అతను డబ్బులు పుచ్చుకోలేదట. తన అల్లుడి మార్కుల పత్రం ముందు తియ్యమని మాత్రం అడిగాడట. రాయగడ వెళ్ళాల్సిన అమ్మాయికి ఐదింటికి పత్రం అందింది. వాళ్ళ నాన్న పోతూ పోతూ నాకు నమస్కారం పెట్టాడు. నేను చేసిందేమీ లేదు. తిరిగి పెట్టాను.

బుధవారం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. విశ్వవిద్యాలయ ఆస్తిని ముందస్తు అనుమతి లేకుండా పాల గిన్నె పక్కన పెట్టడాన్ని తీవ్రంగా పరిగణించింది. తర్వాత, టీ కొట్టులో పెట్టినా పని నడిచినందున, కొండదిగువ సెంటరు భవనం మిగులని తీర్మానించింది. భవనం తాళాలు కలెక్టరు గారికి అప్పజెప్పాలని ఉత్తర్వు తయారైంది. సెంటరు ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, "మరి క్లాసులు ఎక్కడ చెప్పాలండీ?" అని అడిగారు. టీ కొట్టు విస్తీర్ణం ఎంతో కనుక్కోమన్నారు పరాంకుశం గారు.

శుక్రవారం ఎంపిక సంఘానికి కోరం సరిపోయింది. వి.సి. గారు, పరాంకుశం గారు, బయటి నుంచి వచ్చిన ఇద్దరు నిపుణులు. నేను మూల కుర్చీలో, రాయడానికి.

మొదట చక్రపాణి గారు. బయటి నిపుణుల్లో పెద్దాయన, "మీరు నిరుడు కాన్ఫరెన్సుకి వెళ్ళినప్పుడు మీ ల్యాబు పరిస్థితి?" అని అడిగారు.

"మూసేశానండి. తాళం నా దగ్గరే. విద్యార్థులు రెండు వారాలూ వరండాలో కూర్చున్నారు."

"మీ పాఠాలు?"

"ఎవరూ చెప్పలేదండి. నా నోట్సు ఎవరికీ ఇవ్వను. ఇద్దరు పరిశోధక విద్యార్థులు నేను లేక మానేసి వెళ్ళిపోయారు కూడా."

"ఇద్దరా?" అని వి.సి. గారు ముందుకి వంగారు. "అనివార్యత అంటే ఇది." అనివార్యతకి యాభైకి నలభై ఎనిమిది.

తర్వాత హైమావతి గారు. పెద్దాయన ఆమె వ్యాసాలు నిజంగానే చదివి వచ్చారు. వాటి మీద ఒక ప్రశ్న వేశారు. ఆమె చెప్పిన జవాబుకి ఆయన, "బాగుంది, చాలా బాగుంది," అని రెండుసార్లు అన్నారు. ఆ గదిలో ఆ పూట జరిగిన చదువు అంతే. వి.సి. గారు గడియారం చూసుకున్నారు.

"కిందటి ఏడు మీరు ఆపరేషనుకని నెలరోజులు సెలవు పెట్టారు. మీ క్లాసులు?"

"జరిగాయండి. సన్యాసినాయుడు చెప్పాడు."

"బాగా చెప్పాడా?"

"నాకంటే బాగా చెప్పాడని పిల్లలు అన్నారు."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఆమెని ఒడ్డున పడేద్దామని, "అమ్మా, మొన్న మంగళవారం వ్యవస్థ ఆగినప్పుడు నడిపించింది మీరే కదా? మీ మార్గదర్శకత్వంలోనే కదా?" అన్నారు. ఆ ప్రశ్నని ఆయన అవునన్న జవాబుతో సహా ఆమె చేతిలో పెట్టారు. అవును అంటే చాలు.

ఆమె కొంచెం ఆలోచించారు.

"నడిపించింది సన్యాసినాయుడండి. నేను ఇక్కడే కూర్చున్నాను."

"మీరు ఫోనులో చెబుతూ ఉన్నారు."

"లేదండి. అతను ఒకసారే ఫోన్ చేశాడు. టీ కొట్టు వాళ్ళ అల్లుడి మార్కులు ముందు తియ్యొచ్చా అని. మిగతాదంతా అతనే చేసుకున్నాడు."

"అంటే మీరు లేకపోయినా..."

"లేకపోయినా చేసేవాడండి. అందుకే కదండీ నేర్పింది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం మళ్ళీ వెలిగింది. బయటి నిపుణుల్లో పెద్దాయన కలం కింద పెట్టారు. ఏదో అనబోయారు. వి.సి. గారు, "థాంక్యూ మేడమ్," అన్నారు. అనివార్యతకి యాభైకి సున్నా. పెద్దాయన తన అసమ్మతి రాయమన్నారు. రాశాను. నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు గనక నిర్ణయం చెల్లింది.

ఫలితం నోటీసు బోర్డులో పెట్టేముందు నేనే తీసుకెళ్ళి చూపించడం మర్యాద అనిపించింది. బోర్డు దగ్గర పదిమంది మధ్యలో చదువుకోవడం కంటే నయం. నేను వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళైంది. ల్యాబులో ఆమె, సన్యాసినాయుడు ఉన్నారు. కొండదిగువ కంప్యూటరు కూడా అప్పటికి ఆ బల్ల మీదకే చేరింది, సెంటరుకి తాళం పడింది కదా. దాని మీద చక్కెర పలుకులు అంటుకుని ఉన్నాయి. ఆమె తడిగుడ్డతో తుడుస్తున్నారు.

నా మొహం చూడగానే ఆమెకి తెలిసిపోయింది.

"కారణం ఏం రాశారండీ?"

"రేపు చూసుకోవచ్చు లెండి."

"పరవాలేదు, చదవండి."

చదివాను. "అభ్యర్థిని హాజరు కానప్పటికీ, ఆమె నిర్వర్తించవలసిన విధులన్నియూ ఆమె వద్ద శిక్షణ పొందిన వారిచే ఎట్టి అంతరాయమూ లేకుండా కొనసాగుచున్నందున, సదరు అభ్యర్థిని సేవలు అనివార్యం కావని సంఘం అభిప్రాయపడుచున్నది."

సన్యాసినాయుడు కుర్చీలోంచి లేచాడు. "నేను రేపే రాజీనామా చేసేస్తాను మేడమ్. నా మూలాన్నే కదా ఇదంతా."

"చేద్దువు గానీ. నీ పని ఎవరికి నేర్పావు?"

"ఎవరికీ లేదు మేడమ్."

"ముందు ఇద్దరికి నేర్పు. అప్పుడు చేద్దువు గాని."

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఆమె తడిగుడ్డ పక్కన పెట్టి, చేతులు పమిటకి తుడుచుకుని, "అదొక్కసారి మళ్ళీ చదువుతారా సూపర్నెంటు గారూ?" అన్నారు.

ఎందుకో అర్థం కాక మళ్ళీ చదివాను, ఈసారి నెమ్మదిగా. ఆమె వింటూ తల ఊపారు, విద్యార్థి సరైన జవాబు చెబుతుంటే ఊపినట్టు.

"ఇరవై ఏళ్ళుగా నా పని గురించి ఈ విశ్వవిద్యాలయంలో ఎవరైనా తప్పు లేకుండా రాసింది ఇదొక్కటేనండి," అన్నారు. "ఒక కాపీ ఇప్పిస్తారా?"

ఇప్పిస్తానన్నాను. నియమం ప్రకారం అభ్యర్థికి కాపీ ఇవ్వకూడదు. నా చేతిలో ఉన్న కాగితమే ఇచ్చేశాను.

సన్యాసినాయుడు అప్పటికే రెండు కంప్యూటర్ల మధ్య వంగి ఏదో కొడుతున్నాడు. మూడోదిగా తన సొంత ల్యాప్‌టాప్‌ని వాటితో కలుపుతున్నాడని తర్వాత తెలిసింది. ఆమె అతని భుజం మీంచి ఒకసారి తొంగి చూశారు. ఏదో చెప్పబోయి, చెప్పాల్సింది ఏమీ లేదని చూసి ఊరుకున్నారు. సంచి భుజాన వేసుకుని నాతోపాటు వరండాలోకి వచ్చారు. ఆ తలుపు బందులు బిగుసుకుపోయి గట్టిగా కిర్రుమంటాయి. కుర్రాడు తల ఎత్తాల్సిన పని లేకుండా, ఆమె ఆ తలుపుని రెండు చేతులతో కొంచెం పైకి ఎత్తి పట్టి, చప్పుడు కాకుండా దగ్గరగా వేశారు.